సీసాలో పట్టిన వాగు

వరంగల్లు కాశిబుగ్గలో మా ఇంటి పక్కన పాత ఇనుము కొనే దుకాణం ఒకటి ఉంది. తొలకరి వాన పడ్డ రోజు అక్కడ కుప్పపోసిన తుప్పు రేకుల మీది నుంచి, నేలలో ఇంకిన ఇంజనాయిలు మీది నుంచి ఒక వాసన లేస్తుంది. తొలకరి అంటే అందరికీ మట్టి వాసన గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం ఈ వాసనే ముందు తగులుతుంది, లేచి కిటికీ మూస్తాను. చిన్నప్పుడు సరిగ్గా ఈ వాసన ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగాను.

మా ఊరు కేసముద్రం నుంచి అడవి వైపు బస్సులో గంటన్నర ప్రయాణం. ఊరిని ఆనుకుని వాగు పారేది. ఎండాకాలంలో అది పైకి ఎండినట్టు కనిపించేది గాని, ఇసుకలో మోచేతి లోతున గుంట తీస్తే నీళ్లు ఊరేవి. ఆ గుంటను చెలిమె అనేవాళ్లం. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, రెండో ఊట తేటపడేదాకా ఆడవాళ్లు ఇసుకలో కూర్చుని ఊరి ముచ్చట్లన్నీ తిరగేసేవాళ్లు, పిల్లలం తడి ఇసుకను పాదాల మీద కప్పి గూళ్లు కట్టేవాళ్లం, ఆ తర్వాత కొబ్బరి చిప్పతో ముంచి బిందెలో పోసుకున్న నీళ్లకు ఎండలో నడిచొచ్చినా చల్లదనం పోయేది కాదు. ఇసుకలోనే దోసపాదులు, పుచ్చపాదులు పెట్టేవాళ్లు. సద్దుల బతుకమ్మనాడు తంగేడు, గునుగు పూల బతుకమ్మలను మోకాటి లోతు నీళ్లలో వదిలి, అవి మలుపు తిరిగేదాకా చూసి, ఒడ్డున కూర్చుని మలీద, నువ్వుల సద్ది, పెరుగు సద్ది పంచుకుని తిని, అదే వాగులో దోసిలి పట్టి తాగేవాళ్లం.

వానాకాలం వాగు ఎర్రగా వస్తే దానికీ మా నాయినమ్మ దగ్గర ఉపాయం ఉండేది. చిల్లగింజను సానరాయి మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని కుండలో కలిపి మూత పెడితే, జాముసేపటికి మన్నంతా అడుక్కు దిగి పైన నీళ్లు అద్దంలా తేరుకునేవి. ఆ గింజ అరగదీసే పని నాది. నా అంత సన్నగా ఎవరూ తీయలేరని నాయినమ్మ నలుగురిలో చెబితే పొంగిపోయేదాన్ని.

డెబ్బైల చివర్లో వాగుకు ఎగువన బొగ్గుబాయి పడింది. భూమి లోపల ఊరే నీటిని పంపులతో తోడి, బొగ్గుపొడితో, యంత్రాల జిడ్డుతో సహా నేరుగా వాగులోకి వదిలారు. మొదటి ఏడు నురగ వచ్చింది. రెండో ఏటికి ఇసుక మీద నల్లటి మడ్డి పరుచుకుంది, నిలిచిన చోటల్లా తుప్పురంగు మీగడ కట్టింది, కట్టెతో కదిపితే అది పుండు మీది పొక్కులా ముక్కలై విడిపోయి కింద నుంచి కుళ్లు కంపు వదిలేది. బర్రెలు మూతి పెట్టి, చీది, వెనక్కి తిరిగేవి. మాకు తిరగడానికి ఇంకో చోటు లేదు. ఊళ్లో బావులు చేదు బావులు. చెలిమె తీస్తే అందులోనూ నల్లనీళ్లే ఊరాయి. పిల్లల కాళ్లకు చిడుము పట్టింది, గోకి గోకి రసి కారేది, ఈగలు వాలేవి. పక్కింటి లచ్చవ్వ వాగులో బట్టలు ఉతికి వచ్చి, మొగని ధోతి ముంచితే గొంగడై తేలిందని అందరినీ నవ్వించింది. ఆ ఏడు బతుకమ్మలు మలుపు దాకా పోలేదు. మడ్డిలో ఇరుక్కుని, తంగేడు పూలు నల్లబడుతుంటే, ఆడవాళ్లు వాగుకు వీపు పెట్టి కూర్చుని సద్దులు తిన్నారు.

ఇక నాయినమ్మ చిల్లగింజ వానాకాలపు పని కాకుండా రోజువారీ పని అయింది. నీళ్లు తేటగా కనిపించేవి, వాసన మాత్రం పోయేది కాదు. ముక్కు బిగబట్టి తాగేవాళ్లం.

మా పెద్దనాయిన, అంటే మా నాయిన అన్న, ఊళ్లో అర్జీ రాయగలిగిన ఒకే ఒక్క మనిషి. నీళ్లు చెడగొడితే అడిగే చట్టం వచ్చిందని ఎవరో చెప్పగా విని, రెండు ఎండాకాలాలు వరంగల్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బొగ్గుబాయి నీళ్లను గుంటల్లో నిలిపి, మడ్డి దిగాక వాగులోకి వదలమన్నాడు, అంతే. ఒక సారు వచ్చి వాగు నీళ్లు సీసాలో పట్టుకుపోతాడని, పరీక్షలో చెడ్డవని తేలితే గుంటలు తవ్వమని హుకుం ఇస్తారని ఆఫీసులో చెప్పారు. ఊరంతా ఆ సీసా కోసం ఎదురు చూసింది.

ఆ సారు వచ్చిన రోజు పెద్దనాయిన మిరపకాయలు వేసుకుని కేసముద్రం మార్కెట్టుకు పోయాడు. జీపు మా ఇంటి ముందే ఆగింది. సారు వెంట బొగ్గుబాయి గుమాస్తా కూడా దిగాడు. సారు వాగు దాకా నాలుగడుగులు నడిచి, మడ్డిని చూసి, తన బూట్లను చూసుకుని, తిరిగొచ్చి మా మంచం మీద కూర్చున్నాడు. రెండు గాజుసీసాలు అరుగు మీద పెట్టి, వాగు నీళ్లు పట్టుకు రమ్మన్నాడు.

నాయినమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఊరి కోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషి నీళ్లు అడిగితే మురికి పోసిస్తే ఇంటి మర్యాద ఏం గానని మెల్లగా గదిమింది. సీసాలను బూడిదతో తోమింది. నేను గింజ అరగదీశాను, ఆ రోజు ఇంకా సన్నగా. నీళ్లు తేరుకునేదాకా సారుకు జొన్నరొట్టె, కోడిగుడ్డు కూర పెట్టింది. తేరుకున్న నీళ్లను కొత్త ధోతిలో రెండుసార్లు వడగట్టి నింపింది. గుమాస్తా గడపలో నిలబడి ఇదంతా చూశాడు. సారు సీసా ఎత్తి ఎండకు పట్టి చూశాడు. ఎదురుగా, రాయి విసిరితే పడే దూరంలో, వాగు తారులా నల్లగా ఉంది. రెంటినీ చూసిన మనిషి, మూతలకు లక్క పెట్టి ముద్ర వేశాడు.

పొద్దుగూకేవేళకు పెద్దనాయిన వచ్చాడు. సారు వచ్చిపోయాడని విని మొహం విప్పారింది.

"నీళ్లు ఎవలు వట్టిన్రమ్మా?"

"నేనే వట్టిన కొడుకా. గింజ ఏసి, రెండుమాట్ల వడగట్టిచ్చిన. సారు జర గూడ వంక వెట్టలే."

పెద్దనాయిన భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ సీసల వాగు లేదమ్మా. నీ చెయ్యి ఉన్నది."

"ఇంటికొచ్చినోనికి మడ్డి ఇయ్యాల్నని నాకెవలు చెప్పిన్రు?" అని నాయినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. నీళ్లు వాడకానికి యోగ్యం. పెద్దనాయిన నల్లనీళ్లు తనే సీసాలో పట్టుకుని బస్సెక్కి వరంగల్లు పోయాడు. ప్రైవేటు మనుషులు తెచ్చిన నీళ్లు చెల్లవని, అధికారి స్వయంగా పట్టిన నీళ్లే లెక్కని పంపేశారు. ఆ తర్వాత రాసిన ప్రతి అర్జీకీ ఆ పాత కాగితమే జవాబైంది. పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో అలాంటి కాగితాలు ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. చదువుతుంటే ఒక్కోసారి లేచి వెళ్లి చేతులు కడుక్కోవాలనిపించేది.

బొగ్గు అయిపోయి బాయి మూతపడింది. గుంటలు ఎవరూ తవ్వలేదు. నాయినమ్మ పోయింది, పెద్దనాయిన పోయాడు. దోసపాదులు పోయాయి, ఇసుక పోయింది, చెలిమె అంటే ఏమిటో ఊరి పిల్లలను ఇప్పుడు అడిగితే తెలిసినవాళ్లు లేరు. మొన్న ఊరికి పోయి, పెద్దనాయిన కొడుకు కొత్తగా కట్టుకున్న ఇల్లు ఎటని బస్సు దిగిన చోట ఒక బడిపిల్లను అడిగాను.

"సీదా వోయి, మోరి దాటినంక ఎడమకు, అత్తమ్మా" అన్నది.

మన ఊళ్లో దాటిపోయేంత పెద్ద మురికికాలువ ఎక్కడిది బిడ్డా అన్నాను. చెయ్యి చాపి చూపించింది. అది వాగు. ముక్కు మూసుకుని దాటాను.