ఆరు దాటాక నడవడానికి ఒక దారి: నంద్యాలలో, ఆళ్లగడ్డలో మూడు సాయంత్రాలు

మా డోన్ ఆఫీసు మూసేస్తున్నారని తెలిసిన రోజు నుంచి నాకు పట్టుకున్న దిగులు జీతం గురించి కాదు, అద్దె గురించీ కాదు. సాయంత్రం ఆరు దాటాక ఆఫీసు నుంచి గదికి ఎలా నడిచి వెళ్లాలన్నదే నా దిగులు. విత్తనాల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. నంద్యాల ఆఫీసుకైనా పోవచ్చు, ఆళ్లగడ్డ ఆఫీసుకైనా పోవచ్చు, ఏదో ఒకటి సోమవారం లోపు చెప్పమన్నారు. అడిగినవాళ్లకు అది చిన్న ప్రశ్నే. నాకు రేచీకటి. కంటి లోపలి పొర మెల్లమెల్లగా పనిచేయడం మానేస్తుందనీ, చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుందనీ, మందు లేదనీ కర్నూలులో డాక్టరు చెప్పి చాలా ఏళ్లయింది. పగలు కాగితాలు చదువుతాను, కంప్యూటర్ మీద పనిచేస్తాను. చీకటి పడ్డాక వీధి దీపం ఒక చుక్కలా కనబడుతుంది గానీ దాని కింద ఏముందో కనబడదు. డోన్‌లో ఏ మెట్టు ఎక్కడుందో నా కాళ్లకు తెలుసు. కొత్త ఊళ్లో కాళ్లకు ఏమీ తెలియదు. ఇలాంటి చూపుతోనే, ఉద్యోగానికో చదువుకో ఒంటరిగా కొత్త పేటకు మారాల్సినవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా భార్య సుజాత ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. నేను ఒంటరిగా నడవగలిగే దారి దొరికితే వాళ్లిద్దరూ డోన్‌లోనే ఉంటారు, నేను శనివారం శనివారం ఇంటికొస్తాను. దొరక్కపోతే సుజాత మిషన్ మూసి నా వెంట రావాలి, పిల్ల హాస్టల్‌కు పోవాలి. అందుకని పిల్లను మా అక్క ఇంట్లో వదిలి, గురువారం పొద్దున ఇద్దరం రైలెక్కాం. నంద్యాలకు రెండు గంటల లోపే. ప్యాసింజరులో ఇద్దరి టికెట్లకూ కలిపి ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా కాదు. కార్తీకం వెళ్లకముందే ముసురు పట్టింది. దారి పొడవునా పొలాలన్నీ బూడిదరంగులో ఉన్నాయి. సుజాత కిటికీ పక్కన కూర్చుని వాటినే చూస్తూ ఉంది.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందలకు తీసుకున్నాం. ఆఫీసు బజారుకు దగ్గర. అద్దెకు చూసిన గది ఓబులమ్మ అనే పెద్దామె ఇంటి కింది భాగంలో, మెట్లు లేవు, నెలకు మూడు వేలు. ఆఫీసు నుంచి ఆ ఇంటికి బజారు రోడ్డు మీదుగా నేరుగా పది నిమిషాలు. పగలు రెండుసార్లు నడిచాం. వెడల్పు రోడ్డు, వరసగా అంగళ్లు, బోలెడన్ని దీపాలు. ఎవరైనా ఇదే బాగుందంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆరు కాగానే ఆఫీసు గేటు ముందు నిలబడి సుజాతతో చెప్పాను. “నువ్వు ఎనక రా. ఏం జరిగినా పిలవగాకు, పట్టుకోగాకు. నేనొక్కన్నే ఉండాననుకోని నడిచి చూడల్ల.”

“బండి మీదికొస్తాంటే గూడా ఊరుకోవల్లనా?”

“అప్పుడు పిలువు.”

దీపాలున్నాయి కదా అని ధైర్యంగా బయలుదేరాను. అయితే ఎదురుగా వచ్చే బండ్ల వెలుతురు కళ్లలో పడి, ప్రతిసారీ కాసేపు ఉన్న చూపు కూడా పోయేది. అంగళ్ల ముందు పగలు లేని బైకులు సాయంత్రానికి వరసగా చేరాయి. ఒక హ్యాండిల్ కడుపులో పొడుచుకుంది. దాన్ని తప్పించుకోబోయి పక్కకు జరిగి, నేరుగా ఒక అరటిపండ్ల బండికి గుద్దుకున్నాను. రెండు అత్తాల పండ్లు కింద పడ్డాయి.

“యోవ్! కండ్లు కానరావా? దీపాలు పెట్టేపొద్దుకే తాగి వస్తాండావా?” అని బండి మనిషి అరిచాడు.

వెనక నుంచి చెప్పుల చప్పుడు పరుగున వచ్చింది. “తాగలేదన్నా. ఆయప్పకు చీకట్లో కానరాదు” అంది సుజాత.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ మాట బయటివాళ్లతో అనగా నేను వినలేదు. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో చీకటి పడగానే నా మోచెయ్యి పట్టుకునేది. చూసినవాళ్లు ముచ్చటైన జంట అనుకునేవాళ్లు. మేమూ వాళ్లను అలాగే అనుకోనిచ్చాం.

బండి మనిషి చెడ్డవాడు కాదు. “అట్ల ముందే చెప్పొచ్చు గదమ్మా” అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “జరగండప్పా, జరగండి, కండ్లు లేని మనిషొస్తాండాడు” అని బజారంతా వినబడేలా కేకలు వేస్తూ మలుపు దాకా తీసుకుపోయాడు. చేతిలో నాలుగు అరటిపండ్లు కూడా పెట్టాడు. లాడ్జిలో మేమిద్దరం వాటిని తినలేకపోయాం.

“ఎందుకు చెప్పినావ్మే?” అని అడిగాను.

“తాగుబోతోడంటే ఊరుకోవల్లనా?”

“గుడ్డోడంటే ఊరుకోవచ్చునా?”

ఆమె లేచి బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి, చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సెక్కాం. గంటకు పైగా ప్రయాణం. నాకు డెబ్బై లోపు టికెట్, సుజాతకు ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం. ఊరు చిన్నది, బండ్లు తక్కువ, నాకు ఆశ కలిగింది. అక్కడి ఆఫీసు నుంచి మేం చూసిన అద్దె గదికి పోయే రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే షెడ్లు వరసగా ఉన్నాయి. ఉలి చప్పుళ్లు, రాయి కోసే మిషన్ల రొద. రాతి పొడి పడీపడీ రోడ్డు పక్క మట్టి తెల్లబడిపోయింది. వెలుతురు తగ్గాక కూడా ఆ తెలుపు నాకు గీతలా తెలిసింది. చప్పుళ్లు నా ఎడమ చెవి పక్కనే ఉంటే చాలు, దారి తప్పను. ఇంత సులువుగా దొరుకుతుందనుకోలేదు. చినుకులు పడుతున్నా హుషారుగా సగం దూరం నడిచాను.

అప్పుడు పని వేళ అయిపోయింది. ఉలి చప్పుళ్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. మిషన్లు ఆగిపోయాయి. షెడ్లలో దీపాలు ఆర్పేశారు. తడిసిన రాతి పొడి మామూలు మట్టిలో కలిసిపోయింది. నేను ఎక్కడున్నానో తెలియలేదు. సుజాత వెనక ఉందో లేదో కూడా తెలియలేదు. పిలవొద్దని చెప్పింది నేనే. చేతులు ముందుకు చాచి రెండడుగులు వేసేసరికి ఎవరి భుజమో తగిలింది, తర్వాత ముఖం తగిలింది.

“తప్పయిపోయిందన్నా, చూసుకోలే” అన్నాను. ఆయన పలకలేదు. కోపం వచ్చిందేమోనని ఇంకోసారి అన్నాను. అప్పుడు తెలిసింది, నా వేళ్ల కింద చెంప చల్లగా, తడిగా, గట్టిగా ఉంది.

వెనక సుజాత పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది. నేను ఆ రాతిమనిషి భుజం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాను. నాకు ఇంకో ఆసరా లేదు.

షెడ్డుకు తాళం వేస్తున్న బ్రహ్మయ్య అనే శిల్పి ఫోన్ లైటుతో వచ్చాడు. సంగతి విని నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఈ దారినే రోజూ నడవాలనుకుంటున్నానని చెప్పాను.

“వద్దప్పా” అన్నాడు. “ఈడ రాళ్లు దినామూ మారతాంటాయి. నిన్న లేంది ఈ పొద్దు ఉంటాది. ఈ పొద్దు ఉండేది రేపు లారీ ఎక్కుతాది. నువ్వు యాడని గుర్తు పెట్టుకుంటావ్? కాలిరగ్గొట్టుకుంటావ్.”

ఆయన మాట మెత్తగా లేదు, కానీ నిజం. తిరుగు బస్సులో సుజాత నా పక్కన కూర్చుని, “నేనొచ్చేస్తాలే. మిషను యాడైనా కుట్టొచ్చు” అంది. పిల్ల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం నంద్యాల లాడ్జిలో భోజనమయ్యాక సుజాత దారపు రీళ్లు కొనుక్కొస్తానని బయటికి పోయింది. మూడు గంటలు గడిచినా రాలేదు. వచ్చేసరికి చీర అంచు నిండా బురద, కుడి అరచెయ్యి గీరుకుపోయి ఎర్రగా ఉంది. రీళ్లు లేవు.

“గోడుండే దావ ఒకటుంది” అంది. “ఆఫీసు ఎనక సందులో నుంచి ఇస్కూలు కాంపౌండు గోడ. అది అయిపోతానే ఒక గోడౌను గోడ. మురిక్కాలవ అవతలి పక్కనుంది. బండ్లు నిలపరు. సుట్టు దావే, పావుగంట ఎక్కువైతాది.”

“చెయ్యికేమైంది?”

“ఏం కాలే. బయల్దేరు, ఆరైతాంది.”

ఆ సందు చూస్తే ఎవరికీ నడవబుద్ధి కాదు. అంగళ్లు లేవు, దీపాలు దూరదూరంగా ఉన్నాయి, గోడౌను దగ్గర తడిసిన గోనెసంచుల కంపు. కుడిచెయ్యి గోడకు ఆనించి మొదలుపెట్టాను. స్కూలు గోడకు నున్నగా సున్నం ఉంది. గేటు దగ్గర చేతికి ఇనుము తగులుతుంది, అది దాటితే మళ్లీ సున్నం. గోడౌను గోడకు గరుకు సిమెంటు. అది అయిపోయిన చోట కుడికి తిరిగితే ఓబులమ్మ గారి వీధి. ఎవరికీ తగల్లేదు, ఎక్కడా తూలలేదు. ఆమె ఇంటి గేటు పట్టుకున్నాను. వెనక్కి తిరిగి, “చూసినావామ్మే?” అన్నాను.

ఆమె చెప్పుల చప్పుడు వినబడుతుందేమోనని చెవి ఒగ్గాను.

“ఎవురితో మాట్లాడుతాండావప్పా?” అని గుమ్మంలోంచి ఓబులమ్మ అడిగింది. “నీ ఎనకాల ఎవురూ లేరే.” మళ్లీ తనే అంది, “మద్యాన్నం మీ యామె కండ్లు మూసుకుని, గోడ తడుముకుంటా ఒకటే తిరుగుడు. ఒగసారి కాదు. దయ్యం పట్టిందేమో అనుకుంటి.”

ఫోన్ తీసి సుజాతకు చేశాను.

“యాడుండావ్?”

“ఆఫీసు ముందరే. నువ్వు బయల్దేరినప్పట్నుంచి ఈడనే ఉండా.”

“ఎనకే వస్తాండావనుకుంటి.”

“పైనెల నుంచి నేనుండను గదా” అంది. ఆ వెంటనే, “చేరినావా?” అని అడిగింది.

“చేరినా.”

తర్వాత ఇద్దరం ఫోను పెట్టేయలేదు. ఆమె నడుస్తున్న చప్పుడు ఫోన్‌లో వినబడుతూనే ఉంది. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని, ఆ చప్పుడు వీధిలోకి వచ్చేదాకా విన్నాను. ఆ సాయంత్రమే వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చాం. ఆదివారం రైల్లో తిరిగి వస్తున్నప్పుడు ఇద్దరిలో ఎవరికీ సంతోషం లేదు. వెతికిందే దొరికింది. దొరికింది కాబట్టే విడిగా ఉండాలి.

ఈ దారి నాకు ఎన్నాళ్లు పనికొస్తుందో తెలియదు. పగటి చూపు కూడా తగ్గుతోందని పోయిన పరీక్షలో చెప్పారు. నలుగురికీ హాయిగా ఉన్న వీధి నాకు భయమైంది, నలుగురూ ముక్కు మూసుకునే సందు నాకు నెమ్మదినిచ్చింది. ఇది నాకు గర్వమేమీ కాదు, బాధగానే ఉంది. వానాకాలంలో ఆ గోడ పాచి పడుతుంది, ఎప్పుడో ఒకనాడు దాని పక్కన కూడా బండ్లు నిలుపుతారు. అప్పుడు ఇంకో దారి వెతకాలి, ఆ వెతుకులాటకు సుజాత పక్కన ఉండకపోవచ్చు. నాలాంటివాళ్లకు ఒక్క మాట చెబుతాను. పగటిపూట చూసి గదికి అడ్వాన్సు ఇవ్వకండి. మీరు రోజూ ఏ వేళకు నడుస్తారో సరిగ్గా ఆ వేళకే, తోడు వచ్చినవాళ్లను బయలుదేరిన చోటే ఉండమని చెప్పి, చివరిదాకా ఒక్కరే నడిచి చూసుకోండి.