చావింటి నవ్వు కోసం దుబాయ్ దాకా

ఈ ప్రయాణం అసూయతో మొదలైంది. ఇంతకంటే అందమైన కారణం చెబుదామని చూశాను గానీ దొరకలేదు. అబుదాబిలో నేను నర్సుగా చేసే ఆస్పత్రిలో ఓర్లా అని ఒక ఐరిష్ నర్సు ఉంది. పోయిన చలికాలం వాళ్ళమ్మ చనిపోతే ఊరెళ్ళి వచ్చింది. వచ్చీ రాగానే డ్యూటీ రూములో టీ తాగుతూ, అమ్మ శవపేటిక పక్కన కూర్చుని ఎవరెవరు ఏమేం వాగారో చెప్పి పడీపడీ నవ్వింది. మధ్యలో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న కరోనా రెండో వేవ్ రోజుల్లో పోయాడు, కరోనాతో కాదు, కిడ్నీలతో. మాకు సెలవులు రద్దు, వెళ్తే తిరిగి రావడానికి విమానాల్లేవు. కోనసీమలో మా ఊళ్ళో జరిగిన భూస్థాపన నేను ఫోన్‌లో చూశాను. స్నానం చేయించింది, కళ్ళు మూసింది, మొదటి పిడికెడు మట్టి వేసింది, అంతా మా చెల్లి సునీతే. అప్పట్నుంచీ దానిమీద నాకు కుళ్ళు. "తిన్నావా, పిల్లలు బాగున్నారా" దాటి మా మధ్య మాట సాగడం లేదు. అసలు మళ్ళీ సాగుతుందా అన్న బెంగ కూడా ఉంది, కానీ పైకి ఒప్పుకునే రకాన్ని కాను.

అలాంటి నన్ను ఓర్లా సినిమాకి పిలిచింది. దుబాయ్ అల్ కూజ్‌లో పాత గోదామును మార్చి కట్టిన చిన్న హాల్లో శనివారం మధ్యాహ్నం ఒక ఐరిష్ లఘుచిత్రం వేస్తున్నారట. చావింట్లో జరిగే కామెడీ, అవార్డులు కూడా వచ్చాయట. వీళ్ళకి చావులో అంత నవ్వేం దొరుకుతుందో తేల్చుకుందామని ఒప్పుకున్నాను.

మేముండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. దగ్గర్లోని షాబియా స్టాండు నుంచి ఇబ్న్ బతూతా మెట్రో స్టేషన్‌కి నేరుగా బస్సుంది. నేను వెళ్ళినప్పుడు టికెట్టు పాతిక దిర్హాములు, బస్సుకీ మెట్రోకీ పనికొచ్చే నోల్ కార్డు గీకితే చాలు. పదకొండుకి ఎక్కితే పన్నెండున్నరకి దించాడు. అక్కడి నుంచి మెట్రోలో వెళ్ళి చివర్లో టాక్సీ తీసుకుంటే చవక. నాకు దారి తప్పుతానన్న భయం కాబట్టి నేరుగా టాక్సీ ఎక్కాను, యాభై దాకా అయింది. దారిలో ట్రాఫిక్ చూసి "అయ్యో దేవుడా" అన్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి "తెలుగోళ్ళా అక్కా? మాది జగిత్యాల" అన్నాడు. అక్కడికి ఎందుకని అడిగితే సినిమా సంగతి చెప్పాను.

"సావు మీద సినిమా చూసి నవ్వుతరా? ఏం వింత గాదు తియ్యక్కా. మా దిక్కు డప్పులు కొట్టుకుంట, ఎగురుకుంట తీస్కపోతరు. మా బాపు పోయినప్పుడు నేనే ముంగట ఎగిరిన."

"నీకు సెలవు దొరికిందా?"

"మా ముదీర్, అదే మేనేజరు, మంచోడు. చెప్పంగనే యల్లా, పో అన్నడు. పొద్దుగూకే వరకు ఫ్లైటెక్కిన. కాళ్ళు గుంజేదాంక ఎగిరిన అక్కా."

నాకు అతని మీద కూడా అసూయే పుట్టింది. టాక్సీ దిగేటప్పుడు చిల్లర అతని చేతిలో పెట్టి, మనసులో మాత్రం అతని కాళ్ళనే తిట్టుకున్నాను.

ఓర్లా నాకంటే ముందే వచ్చి సీట్లు పట్టింది. హాల్లో వంద కుర్చీలు కూడా ఉండవు. ఏసీ మాత్రం మార్చురీలో వేసినట్టు వేశారు, శాలువా తీసుకెళ్ళండి. సినిమా ఇరవై నిమిషాలు. తండ్రి చనిపోతాడు. వాళ్ళ ఆచారం ప్రకారం మూత తెరిచిన శవపేటికను ఇంటి హాల్లోనే ఉంచుతారు, శవాన్ని ఒంటరిగా వదలకూడదు. ఊరంతా శాండ్‌విచ్‌లు పట్టుకుని వస్తుంది. పక్కన ఒకటే కుర్చీ ఉంటుంది, దానికోసం ఇద్దరు కూతుళ్ళు కొట్టుకుంటారు. ఆస్పత్రిలో చూసుకున్నది ఒకతి, ఆస్ట్రేలియా నుంచి ఆలస్యంగా దిగింది ఇంకొకతి. కొట్లాటలో పేటిక కింది స్టాండు ఒరిగిపోతుంది. చెరోవైపు మోకాళ్ళతో ఆపి, వదిలితే నాన్న నేల మీద పడతాడని కదలకుండా నిలబడతారు. అంతలో ఫాదర్‌గారు తలుపు కొడతారు. తీయడానికి వీల్లేదు. ముందు ఒకతి కిసుక్కుమంటుంది, తర్వాత రెండోది. సినిమా హాలంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఆలస్యంగానైనా వచ్చిందిగా ఆస్ట్రేలియాది! నాన్న బరువు దాని మోకాళ్ళకి తగిలిందిగా! తెరమీది మనిషి మీద ఇంత ఈర్ష్య నాకెప్పుడూ కలగలేదు.

బయట ఆవరణలో టీ తాగుతుంటే ఓర్లా అడిగింది, "మీ నాన్న చావులో నవ్వొచ్చేది ఒక్కటీ జరగలేదా?" అని. లేదని కసిరాను. కానీ ఒకటి జరిగింది, అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. రెండు గుక్కలు టీ తాగాక ఆమెకి చెప్పేశాను. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో చావు తర్వాత ఆదరణ కూడిక పెడతారు. ఇంటిముందు పెద్ద ఫ్లెక్సీ కడతారు. పైన 'ప్రభువునందు నిద్రించిన' అని పోయినవాళ్ళ ఫొటో, పావురాలు, మబ్బులు. కింద దుఃఖంలో ఉన్న కుటుంబ సభ్యుల చిన్న ఫొటోలు. చెల్లి ఫ్లెక్సీ షాపువాడికి ఫొటోలన్నీ ఒకేసారి ఫోన్‌లో పంపింది. వాడు మబ్బుల్లో నన్ను పెట్టాడు, నాన్నను కింద దుఃఖిస్తున్న వాళ్ళలో కలిపాడు. పొద్దున్నే వచ్చిన మా మేనత్త గేటు దగ్గరే కూలబడి, "ఓరి దేవుడో, దుబాయ్ పిల్ల కూడా పోయిందా!" అని గుండెలు బాదుకుంది. పాస్టరుగారు నా ఆత్మశాంతికి సగం ప్రార్థన చేశాక ఎవరో ఆపారట. ఆ ఫ్లెక్సీ ఫొటో నాకు చేరినప్పటి నుంచి, చెల్లి నన్ను బతికుండగానే పాతిపెట్టిందనే నా లెక్క.

ఇదంతా చెప్పేసరికి ఓర్లా కప్పు కింద పెట్టేసి గోడ పట్టుకుంది. "సగం ప్రార్థనా? మిగతా సగం నీకు బాకీ ఉన్నట్టే!" అంది. నాకూ నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే, పక్కన నిలబడ్డవాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

నాలుగున్నరకి తిరుగు బస్సెక్కాను. ఇక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లో చెల్లికి ఫోన్ చేసి, పలకరింపులేం లేకుండా ఫ్లెక్సీ మాట ఎత్తాను. అది బిగుసుకుపోయింది. "ఇప్పుడెందుకక్కా అది" అంది. నేను నవ్వడం విని దానికీ ఆగలేదు. "అత్త నా జుట్టట్టుకుని, చెప్పవేమే మాకు, అని కొట్టిందక్కా!" అంటూ నవ్వింది. నవ్వు తగ్గాక అసలు మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళే సునీతా. నాన్న దగ్గర నువ్వున్నావు."



"నాకు నిన్ను చూస్తేనే కుళ్ళక్కా" అంది. "నీకు నాన్న ఎయిర్‌పోర్టులో నీ సూట్‌కేసుకి తాడు కట్టిన నాన్నలాగే ఉండిపోయాడు. నాకు కళ్ళు మూస్తే ఆ ఆఖరి రోజుల ఆయాసమే కనపడుద్ది. ముందటి మొహం ఎంత తెచ్చుకున్నా రావట్లేదు. నాన్న ఎలా నవ్వేవోడక్కా? కాస్త చెప్పవా?"

చెప్పాను. ముందు భుజాలు ఊగేవి, శబ్దం తర్వాత వచ్చేది, చివర్లో తప్పకుండా దగ్గు వచ్చేది అని. బస్సు షాబియా చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

దగ్గరున్నవాళ్ళకే చావు పూర్తిగా దక్కుతుందని, దూరంగా ఉన్నవాళ్ళం మోసపోయామని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ సినిమా నాకు నేర్పిందేమీ లేదు, నా కుళ్ళు కూడా పూర్తిగా పోలేదు. ఆ పిడికెడు మట్టి నాది కాదు కదా అని ఇప్పటికీ ఉంది. కానీ నేను మోస్తున్నది చెల్లికి కావాలని, చెల్లి మోసింది నాకు కావాలని తెలిశాక, వారానికోసారి ఫోన్ చేసి ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి ఇచ్చుకుంటున్నాం.

ఒక్క సలహా. తోబుట్టువులతో మాటల్లేనివాళ్ళు ఇలాంటి సినిమాకి వెళ్తుంటే, బయల్దేరే ముందే నోల్ కార్డులో రానూపోనూ డబ్బులు వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు రీఛార్జి మిషన్ ముందు నిలబడితే, కళ్ళు తడిసి అంకెలు సరిగ్గా కనపడవు.