అత్తమ్మతో సర్వపిండి చేయించిన ఇంగ్లీషు

మొన్న కొత్త రైస్ కుక్కర్ కొంటే డబ్బాలో చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. బియ్యం కడుగు, నీళ్లు పొయ్యి, మూత పెట్టు, ముట్టుకోకు అని ఇంగ్లీషులో వరుసగా ఆజ్ఞలే. నేను కొనుక్కొచ్చిన వస్తువు నా మీదే పెత్తనం చేస్తుంటే కోపం రావాలి, రాలేదు. మట్టెవాడలో చీరల దుకాణం పైన మేము ఇంగ్లీషు నేర్చుకున్న గది గుర్తొచ్చింది. దాని మెట్లు ఇరుకు. ఫ్యాను ఒక్కటే, అదీ సారు నెత్తి మీదే తిరిగేది. కింది నుంచి కొత్త బట్టల గంజి వాసన, పక్క సందులోంచి మిర్చి బజ్జీల నూనె వాసన కలిసి పైకొచ్చేవి. ఇంజినీరింగు అయ్యాక ఇంట్లో కూర్చుంటే రోజంతా మా నాయన ముఖం చూడాల్సి వస్తుందని నేను అక్కడ చేరాను. మిగతావాళ్లకు ఇంతకంటే గొప్ప కారణాలు ఉండేవి.

ఇంగ్లీషులో పని చెప్పడం నేర్పడానికి సారు పట్టుకున్న దారి వంట. ఒకరు తమకొచ్చిన వంటకం ఇంగ్లీషులో రాసుకొచ్చి వాక్యం వాక్యం చదవాలి. ఇంకొకరు ముందు నిలబడి వట్టి చేతులతో ఆ పని చేయాలి. చెప్పనిది చేయకూడదు, ఇంకో మాట చెప్పేదాకా కదలకూడదు. పరకాల నుంచి బస్సులో వచ్చే ఒకతను నూనె పొయ్యమని రాసి, ఎందులో పొయ్యాలో రాయలేదు. ముందు నిలబడింది నేను కాబట్టి లేని సీసా వంచి నెత్తికి రాసుకున్నాను. అతను ఆ వారమంతా క్లాసుకు రాలేదు, నేను మాత్రం వచ్చాను. నేను రాసుకొచ్చిన టీ తయారీలో పొయ్యి ముట్టించడం లేదని తేలినప్పుడు సారు నన్నూ వదల్లేదు. "పచ్చిపాలు తాగుమంటానవా బిడ్డా? మీ అమ్మ నిన్ను గిట్లనే పెంచిందా?" అన్నాడు. మర్యాదస్థులెవరూ ఆ గదిలో ఎక్కువ రోజులు నిలవలేదు.

నిలిచినవాళ్లలో ములుగు దిక్కు నుంచి మట్టెవాడ బట్టల దుకాణదారుల ఇంటికి కోడలిగా వచ్చిన ఒక అక్క ఉండేది. హన్మకొండలో చిన్నపిల్లల బడి నడిపే మేడం, కోర్సు పూర్తి చేసి వస్తే టీచరుగా పెట్టుకుంటానని ఆమెకు మాటిచ్చింది. అత్తమ్మ ఒప్పుకున్నది కోర్సు వరకే. నౌకరి సంగతి తర్వాత, కోడలి నడవడి చూసి చెబుతానంది. పొద్దంతా బట్టలు మడిచే ఆ ఇంటి దుకాణం గడప అక్క దాటాలంటే అత్తమ్మ నోట ఒక్క 'సరే' రావాలన్నమాట. ఆ ఒక్క మాట కోసం అక్క తెల్లారకముందే వంట ముగించి, మాకంటే ముందొచ్చి, సారు తిట్టినా తల దించుకుని రాసుకునేది.

చివరి రోజున సారు ఒక తంతు పెట్టేవాడు. విద్యార్థి వంట చదవాలి, ఆ ఇంటి పెద్ద వచ్చి చేయాలి. పెద్దవాళ్లు గాలిలో ఉల్లిగడ్డలు కోస్తుంటే వీడియో తీసి ఫోన్లలో పంపేవాడు, అవి చూసి కొత్తవాళ్లు చేరేవారు. ఎవరింట్లో ఎవరు ఎవరికి పని చెబుతారో ఆలోచించే ఓపిక ఆయనకు లేదు.

"సార్, మా అత్తమ్మను ముంగటికి పిలువకుండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత" అని అక్క బతిమిలాడింది.

"ఫికర్ జెయ్యకమ్మా. పెద్దమనిషి కుర్సీల కూసుంటె మజా ఏముంటది?"

పెద్దమనిషి పట్టుచీరలో వచ్చింది. తన గొప్ప చూడాలని పక్క దుకాణాల ఆడవాళ్లను కూడా వెంట తెచ్చింది. గిన్నెకు ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, ఎలా చేయాలో అక్క చదవసాగింది, సారు పక్కన నిలబడి తెలుగులో చెప్పసాగాడు. మొదట అక్క గొంతు ముందు బెంచీకే వినపడలేదు. అత్తమ్మ బియ్యప్పిండి కలిపింది, గంజు గిన్నెలో ఒత్తింది, వేలితో బొక్కలు పెట్టింది, నూనె పోసింది, పొయ్యి ముట్టించింది, మూత పట్టుకుంది. అక్క "వెయిట్" అంది. అత్తమ్మ ఆగింది.

అక్క తర్వాతి వాక్యం చదవలేదు. కాగితం దించి అత్తమ్మను చూస్తూ నిలబడింది. అత్తమ్మ చేతులు గాలిలోనే ఉన్నాయి.

"అయిందానే ఇగ?"

"డోంట్ టాక్. వెయిట్."

అది కాగితంలో లేదు. సారు దాన్ని కూడా తెలుగులో చెప్పాడు. "అయ్యో వదినా, మాట్లాడకంటాంది నీ కోడలు! కదలకు!" అని వెనక ఒకామె అరిచింది. గది గదంతా పడీ పడీ నవ్వింది. నేను ఈల వేశాను. నవ్వనిది ఇద్దరే. కాసేపటికి అక్క తీయమంది, తినమంది. అత్తమ్మ ఏమీ లేని చేతిని నోటిదాకా తీసుకుపోయి దించేసింది.

మెట్ల దగ్గర ఆమె గొంతు పైకి వినిపించింది. "ఇంట్ల చెప్పిన పని సక్కగ జెయ్యరాదు గని, నలుగుట్ల నాకు పని జెప్తవానే? ఇగ నౌకరి లేదు గివ్కరి లేదు, నడువ్!" ఆ ఊపులో చీర కుచ్చిళ్లు తొక్కుకుని తూలింది. పట్టుకున్నది కోడలే. వదిలేసినా నౌకరి పోయేదే.

బడి మేడం కొన్నాళ్లు చూసి వేరొకరిని పెట్టుకుంది. సారు ఆ వీడియోనే ప్రకటనగా వేసుకున్నాడు, లైకులు బాగా వచ్చాయి.

దసరా ముందు చొక్కా బట్టకని వాళ్ల దుకాణానికి పోయాను. అత్తమ్మ గల్లా దగ్గర కూర్చుని ఉంది, అక్క నిలబడి తానులు మడుస్తోంది.

"ఏం తమ్మీ, నౌకరి దొరికిందా?"

"దొర్కలేదక్కా."

"సల్లగుండు. నాకు తోడున్నవ్."

గొంతు తగ్గించి అడిగాను. "ఆ దినం అంతసేపు ఎందుకు నిలబెట్టినవక్కా? జల్ది తియ్యుమంటె అయిపోతుండె గద."

"సర్వపిండి కాలద్దా మరి?" అంది తల ఎత్తకుండానే.

"ఏందే ఆ ముచ్చట్లు? పై అరల తాను దియ్" అంది గల్లా దగ్గరి గొంతు. అక్క స్టూలెక్కింది.

కాలం అందరికీ ఒకే తీరుగా నడుస్తుందంటారు. అత్తమ్మ గాలిలో మూత పట్టుకుని నిలబడింది ఒక పాట పాడినంతసేపు కూడా కాదు. దానికి బదులు అక్క ఆ దుకాణంలో నిలబడే కాలానికి మాత్రం ఇప్పటికీ ఎవరూ చాలు అనలేదు.