బ్యాటు అడిగినంత నూనె

నా భార్య పోయిన కార్తీకంలో కాలం చేసింది. మూడు వారాల జ్వరం. తెల్లవారి పాలవాడు పిలిచే వేళకు ప్రాణం పోయింది. అతనికి ఏం చెప్పాలో తెలియక చెంబు పట్టుకుని వెళ్ళి, రోజూలాగే పాలు పోయించుకున్నాను.

ఈ పత్రిక చదివేవారికి ఆమె తెలియదు. పుదుచ్చేరిలో తరాలుగా ఉంటున్న మావంటి తెలుగువాళ్ళలో చాలామందికి మాట ఉంది, అక్షరం లేదు. ఆమెకూ చదవడం రాదు. నేను రాసినవి చదివి వినిపిస్తే, మధ్యలో ఆపి, “ఇది మీరు కలిపింది” అనేది. ఆ మాట గుర్తు పెట్టుకుని, ఏమీ కలపకుండా రాస్తున్నాను.

మంచి ఇల్లాలని అందరూ అన్నారు. నిజమే. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆమె పదకొండేళ్ళు నా క్రికెట్టు బ్యాటును కాపాడింది.

నేను మద్రాసులో బి.ఏ. చదివాను. ఆ ఆట అక్కడే పట్టుకుంది. చదువు ముగించి వచ్చేటప్పుడు మా ఆచార్యుడొకరు తన బ్యాటు నాకిచ్చి, “నూనె పెడుతూ ఉండు, ఎండితే పగులుతుంది” అన్నారు. మా ఊరు ఫ్రెంచి వారిది. ఇంగ్లీషు వారి ఆట ఇక్కడ ఎవరికీ పట్టదు. రేవులోనూ కొట్లలోనూ పనిచేసే కొద్దిమందిమి మాత్రం ఆదివారాలు నెల్లితోపు దగ్గరి బయలులో ఆడుకునేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో బ్యాటును ఆమె చేతికిచ్చి, దీనికి నూనె పట్టించాలి అన్నాను. ఏ నూనె అన్నది చెప్పవలసిన సంగతని తోచలేదు.

మా ఇళ్ళల్లో మగవాళ్ళకు శనివారం తలంటు. ఆ శనివారం మిరియాలు వేసి కాచిన నువ్వుల నూనెతో నాకు తలంటి, మిగిలిన నూనెతో బ్యాటుకూ తలంటింది. పిడి మొదలు అడుగు దాకా వేలెడు చోటు వదలలేదు. తరువాత జిడ్డు పోవడానికి సీకాయ రుద్ది, వేడినీళ్ళు పోసి, తుడిచి, ఎండలో నిలబెట్టింది. నేను బజారు నుంచి వచ్చి చూసేసరికి పిడికి చుట్టిన దారం ఊడి వేలాడుతోంది. పిడి కర్రలోకి దిగే చోట జిగురు నాని, పిడి కదులుతోంది. బ్యాటు తడిసిన మొద్దులా బరువెక్కింది.

“బిడ్డకు పోసినట్ల పోసినానండీ,” అంది. సంతోషంగానే అంది.

“నీకేం తెలుసు?” అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆమె నూనెగిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

అలగలేదు. తెలుసుకుంది. ఆ వారం పక్కవీధిలో ఒక దొర ఇంటి కిటికీ తలుపులకు రంగు వేస్తున్నారు. రంగులో కలిపే నూనె ఏదని రంగులవాణ్ణి అడిగింది. అవిసె నూనె. అది కర్రలో ఇంకి లోపలే ఆరి గట్టిపడుతుందని, నువ్వుల నూనె ఎన్నాళ్ళున్నా ఆరదని అతను చెప్పాడు. పిడి బాగుచేయడానికి వచ్చిన వడ్రంగిని ఇంకొన్ని అడిగింది. కర్ర కొస ఎక్కువ తాగేస్తుందని, జిగురున్న చోట చుక్క కూడా తగలకూడదని అతను చెప్పాడు.

అప్పటి నుంచి ఆమె పద్ధతి మారలేదు. తన పాత చీర చింపిన గుడ్డ. అరచేతి గుంటలో నాలుగైదు చుక్కల అవిసె నూనె. ముఖం, అంచులు, వీపు. కొసకు గుడ్డలో మిగిలిన తడి మాత్రం. నూనె పిడివైపు జారకుండా పిడి కింద పీట పెట్టి, బ్యాటును వెల్లకిలా పడుకోబెట్టేది. ఒక పూట పోయాక వేలితో ముట్టి చూసేది. వేలు నున్నగా జారితే నూనె చాలు. పట్టినట్టుంటే ఇంకా కావాలి. దీన్ని ఆమె ‘అడగడం’ అనేది.

“అడిగినాను. చాలంట,” అనేది వచ్చి. లేకపోతే, “ఇంగొంచెం కావాలంట.”

నేను తొందరపడి సీసా వంచబోతే చేయి అడ్డుపెట్టేది. “దాని దాహం మీకెట్ల తెలుస్తాది? ఆగి అడగండి.”

ఆటలు మొదలయ్యే ముందు పాత బంతితో బ్యాటు ముఖాన్ని మెల్లగా తట్టి గట్టిపరచాలి. లేకపోతే కొత్త బంతి తగిలి చీలుతుంది. ఆ పనీ ఆమే చేసేది, అన్నం ఉడికేలోగా, పెరటి అరుగు మీద. గోడ అవతల నుంచి పక్కింటి అత్త కేకవేసేది.

“ఏందే, మొగుణ్ణి కొట్టలేక కొయ్యని కొడతా ఉండావా?”

“రెండింటికీ మెల్లగా తట్టేదే అత్తా. గట్టిగా కొడితే పగిలిపోతాయి.”

“నా మొగుడికి ఇదేం చెప్పలేదే నువ్వు! ముప్పై ఏండ్లు గట్టిగా కొట్టేసినాను.”

అత్త మొగుడు ఆ పక్కనే కూర్చుని దగ్గడం నాకు వినిపించేది.

ఆమె నా ఆట ఒక్కసారీ చూడలేదు. ఆడవాళ్ళు ఆ బయలుకు వచ్చేవారు కాదు. కానీ బంతి తగిలిన ప్రతిచోటా బ్యాటు మీద ఎర్రమచ్చ పడుతుంది. తుడిచే ముందు ఆ మచ్చలు చూసేది. కొన్నేళ్ళకు వాటిని చూసి నా ఆట మొత్తం చెప్పగలిగేది. నాకిది తెలియక ఒక ఆదివారం ముప్పై పరుగులు తీశానని చెప్పాను.

“ముప్పయ్యా?” అంటూ బ్యాటును వెలుతురుకు తిప్పింది. “దేంతో తీసినారు? నడాన ఒక్క మచ్చ లేదే. అంచులో రెండు, పిడికాడ ఒకటి.”

“నాలుగు,” అన్నాను.

“నాలుగు మచ్చలా?”

“పరుగులు.”

ఇంకా చూస్తూనే ఉంది.

“రెండు,” అన్నాను.

నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. ఆ తరువాత నేను ఎన్ని తీశానో చెప్పడం మానేశాను. చెప్పులు విప్పి, బ్యాటు ఇచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాణ్ణి. అంచుల్లో మచ్చలున్న రోజు ఏదో ఒకటి అనేది. నడుమ మచ్చ ఉన్న రోజు ఏమీ అనేది కాదు. ఆ మచ్చను మాత్రం అన్నిటికంటే చివర తుడిచేది.

మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు మా ఇద్దరికీ అదే మాట్లాడుకునే సంగతి.

ఆమె మంచాన పడ్డప్పుడు వానలు. బ్యాటు అటక మీద ఉంది. నాకు దాని ధ్యాస లేదు. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి అడిగింది.

“దానికి నూనె పెట్టినారా?”

“పెట్టాను.”

నా చేయి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అవిసె నూనె వాసన అంత త్వరగా పోదు. నా చేతికి కషాయం వాసన మాత్రమే ఉంది.

“సరేలెండి,” అంది. చేయి వదల్లేదు.

చివరి రోజుల్లో జావ పడుతుంటే రెండు చెంచాలకే తల తిప్పుకునేది. “చాలంట,” అనేది. ఎవరికని నేను అడగలేదు.

పుష్యమాసంలో మా జట్టు నాయకుడు ఇంటికి వచ్చాడు. రేవులో పనిచేస్తాడు, నాకంటే చిన్నవాడు.

“కడలూరు జట్టు వస్తా ఉంది అన్నా. నువ్వు రావాల.”

“బ్యాటు ఎండిపోయింది.”

“నా బ్యాటుతో ఆడు.”

“అది వద్దు.”

“అయితే నీదే ఇట్ల ఇయ్యి, నేను నూనె పెట్టి తెస్తాను.”

“వద్దు. నేనే పెడతాను,” అన్నాను. అలా అన్నాక తప్పలేదు.

అటక మీదే ఉంచితే ఎండి పగులుతుంది. ఎక్కువ నూనె పోస్తే కర్ర నాని, బరువెక్కి చస్తుంది. పదకొండేళ్ళు ఆమె నిలిపినది నా చేతిలో ఒక నెలలో పోతుంది. ఆ భయంతోనే దించాను. కొసన వెంట్రుకంత బీట కనిపించింది. సీసా పక్కన ఆమె గుడ్డ ఉంది. అవిసె నూనె ఆరితే గుడ్డ అట్టలా బిగుసుకుపోతుంది. చివరిసారి ఆమె పిడికిట్లో ఎలా నలిగిందో అలాగే బిగిసి ఉంది. నాలుగు వేళ్ళ గుంటలు, బొటనవేలి గుంట ఒకటి. దాన్ని మళ్ళీ తడపలేకపోయాను. నా పాత పంచె చింపాను.

నాలుగు చుక్కలు పోశాను. పీట పెట్టాను. ఒక పూట ఆగి వేలితో ముట్టాను. పట్టినట్టే ఉంది. మళ్ళీ పెట్టాను. మూడో రోజు వేలు జారిందో లేదో నాకు తేలలేదు. పక్కింటి అత్త గోడ మీదుగా చూస్తోంది.

“ఏమంటా ఉంది నాయనా?”

“తెలియడం లేదత్తా.”

“ఆ పిల్లకీ మొదట్లో తెలీదులే,” అంది.

చాలనుకున్నాను. బీట ఉన్నచోట దారం చుట్టి, పాత బంతితో రోజూ కాసేపు తట్టాను. ఆ చప్పుడుకు ఈసారి గోడ అవతల నుంచి ఎవరూ కేకవేయలేదు.

ఆదివారం ఆడాను. మూడు బంతులే. మూడోది అంచుకు తగిలి వెనక ఉన్నవాడి చేతిలో పడింది. బ్యాటు పగల్లేదు. ఎండలో ఒక్కణ్ణే నడిచి ఇంటికి వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, అంచు మీది మచ్చకు ఏ సాకు చెబితే నమ్ముతుందా అని ఆలోచిస్తున్నాను. రెండో చెప్పు విప్పుతుండగా గుర్తొచ్చింది.

బ్యాటును పెరటి అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టాను, పిడి కింద పీట. పక్కన ఆమె గుడ్డ పెట్టాను, వేళ్ళ గుంటలు పైకి ఉండేట్టు. అంచున ఒకే ఒక్క ఎర్రమచ్చ. ఇంకా తుడవలేదు.