ఖాళీ మింగిన పాటలు

కోదాడలో పాటలు రికార్డు చేసే జయరాజు తన దృష్టిలో తాను పెద్ద ప్రోగ్రామర్‌. 2007లో ఒకరోజు ‘పాత పాటలు’ అనే ఫోల్డర్‌ను తీసేయమని పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో చిన్న స్క్రిప్టు రాశాడు. పేరులోని రెండు మాటల మధ్య ఖాళీ ఉండటంతో కంప్యూటర్ దాన్ని రెండు పేర్లనుకుంది. ‘పాత’ దొరకలేదు. ‘పాటలు’ అనే ఇంకో ఫోల్డర్ దొరికింది, దాన్ని చెరిపేసింది. చర్చి బృందం ముందురోజు పాడినవన్నీ దాంతోపాటే పోయాయి.

“ఎవరు చెరిపిన్రు?” అంది భార్య ఉషారాణి.

“ఇంకెవరు? ఈ మేధావే!” అన్నాడు జయరాజు తనను తాను చూపించుకుంటూ.

తీసేయమనే ఆదేశాన్నీ ఫోల్డర్ పేరునూ ఒకే వాక్యంగా అతికించకుండా కంప్యూటర్‌కు విడివిడిగా అందేలా స్క్రిప్టు మార్చాడు. ఈసారి పేరు ముక్కలు కాలేదు. తర్వాత బృందం పెద్ద సుగుణమ్మకు ఫోన్ చేశాడు.

“అక్కా, నా తెలివికి పాటలు ఖతమైనయ్. జర మళ్లీ పాడుతరా?”

“పాడుతం గాని, మెషీన్ కాడ ఉషారాణిని కూసోబెట్టు” అందామె.

ఆ మాట జయరాజుకూ న్యాయంగానే తోచింది.