లమారా దిగిన కాగు

లమారా ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో అలజానీ లోయలోని ఆ చిన్న ద్రాక్షతోటలో ఆమె చెయ్యని పని లేదు. చలికాలంలో కొమ్మలు కత్తిరించేది, వసంతంలో తీగలు కట్టేది, కోతల్లో పనివాళ్లందరికీ చిక్కుడుగింజల కూర వండి పెట్టేది. మరానీ అనే వైన్ కొట్టులోకి మాత్రం రొట్టె అందించడానికి తప్ప అడుగు పెట్టేది కాదు. మనిషి దిగేంత వైన్ కాగులు మెడ దాకా నేలలో పాతి ఉన్న ఆ కొట్టు మగవాళ్లది. ఎవరు రాసిచ్చారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు.

భర్త తెంగిజ్ పోయాక ఇంట్లో మగదిక్కు మామగారు పోర్ఫిలే ఒక్కడే. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఆయన ముక్కంటే ఊరంతటికీ గురి. కడిగిన కాగులోంచి ఆఖరి నీళ్లు దోసిట పట్టి, వాసన చూసి, ఒక గుక్క తాగి "ఊఁ" అన్నాడంటే ఆ కాగు శుభ్రమైనట్టు. పొరుగువాళ్లు కూడా తమ కాగుల నీళ్లు చెంబుల్లో పట్టుకొచ్చి ఆయన చేత ఆ ఊఁ అనిపించుకునేవారు.

ఫిబ్రవరిలో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. అది తగ్గాక లమారా కొన్ని సంగతులు గమనించింది. పొయ్యి మీద కూర మాడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. పాడైపోయిన జున్ను తిని బాగుందన్నాడు. ఆమె పైకి ఏమీ అనలేదు గానీ, ఆ ముక్కు మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి లోపల భయపడింది.

ఎల్లుండి కోత అనగా పొరుగింటి గెలా వచ్చి పెద్ద కాగు కడిగాడు. గెలా బక్కపలచని మనిషి, తెంగిజ్‌ని అన్నా అని పిలిచేవాడు. నిరుడు ఆ కాగు అడుగున మిగిలిన వైన్ పులిసిపోయింది. అందుకని చెర్రీ బెరడు కుంచెతో పొద్దుటి నుంచీ తోమాడు. లమారా రొట్టె తెచ్చేసరికి పోర్ఫిలే ఆఖరి నీళ్లు తాగి ఊఁ అన్నాడు. ఆమె కాగు మూతి దగ్గర వంగింది. పుల్లటి వాసన తగిలింది. సన్నగానే, కానీ అనుమానం లేదు.

నోరు విప్పితే సాయంత్రానికల్లా గెలా ఊరంతా చాటుతాడు, ముసలాయన పరువు పోతుంది. విప్పకపోతే ఏడాది పంటంతా వెనిగర్. కాగు పక్కనే తోడిన మడ్డి నీళ్ల బకెట్ ఉంది. లమారా వెనక్కి తిరగబోతూ, కాలు తగిలినట్టుగా దాన్ని తన్నింది. బురదంతా కాగులోకి పోయింది.

గెలా కాగు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

"వదినా, నిన్నిన్నాళ్లూ ఇందులోకి ఎందుకు రానివ్వలేదో ఇప్పుడర్థమైంది. నా నడుం విరిగింది. మళ్లీ దిగమన్నారంటే నన్నందులోనే పూడ్చెయ్యండి."

ఇంటి దగ్గర తన కాగులు ఇంకా మిగిలాయని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పోర్ఫిలే మాత్రం ఒక్క మాటా తిట్టలేదు. అదే ఆమెకు వింతగా తోచింది.

లమారా తలగుడ్డ బిగించి, చెప్పులు విడిచి, నిచ్చెన పట్టుకుని కాగులోకి దిగింది. అత్తగారు బతికుండి చూస్తే అక్కడే కళ్లు తిరిగి పడిపోయేది. పైనుంచి పోర్ఫిలే బకెట్‌కి తాడు కట్టి నీళ్లు దించాడు, మురికి పైకి లాగాడు. చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మాయ్, కావాలనే తన్నావు కదూ?"

ఆమె తోమడం ఆపలేదు. "వాసనుంది మామయ్యా."

పైన ఆయన బకెట్ నేల మీద దించిన చప్పుడైంది.

"ఫిబ్రవరి నించీ నాకేం తెలీట్లేదమ్మా. రొట్టె వాసన కూడా. ఊరికే తాగి ఊఁ అంటున్నా. ఏం చెయ్యను? అందరూ నా మొహంకేసే చూస్తుంటారు."

లమారాకు ఏడుపొచ్చింది. జాలి ఒక్కటే కాదు, ముప్పై రెండేళ్లలో ఆయన తనతో మనసు విప్పి మాట్లాడింది ఇదే మొదటిసారి. కాగులో ఉంది కాబట్టి కన్నీళ్లు తుడుచుకునే పని లేకపోయింది.

ఆఖరి నీళ్లు చెంబుతో పైకి తెచ్చింది. ఆయన అందుకోలేదు, నువ్వే చూడమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వాసన చూసి గుక్కెడు తాగింది. వేళ్లు ఒరుసుకుపోయి మండుతున్నాయి, ముసలాయన నిలబడలేకుండా ఉన్నాడు. ఊఁ అనేస్తే సరిపోయేది.

"ఇంకా ఉంది," అంది.

పోర్ఫిలే బకెట్ తీసుకుని బావి వైపు నడిచాడు. ఇంకోసారి కడిగాక గానీ ఆమె సరే అనలేదు.

పొద్దు వాలుతుండగా గెలా తన కాగు నీళ్లు చెంబులో పట్టుకొచ్చి, అలవాటు ప్రకారం పోర్ఫిలే ముందు పెట్టాడు. ముసలాయన చెంబును కోడలి వైపు జరిపాడు.

"నా ముక్కు పనైపోయిందిరా గెలా. ఈ మాట చెవిన వేసుకుని వెళ్లి ఊళ్లో చెప్పుకో, ఫరవాలేదు. ఇకనించి నీళ్లు చూసేది ఈమే."

గెలా నవ్వబోయి ఆగిపోయాడు. ముసలాయన మొహంలోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా టోపీ తీసి, లమారా వైపు తిరిగి, కొంచెం బెదురుగానే అడిగాడు.

"శుభ్రమేనంటావా వదినా?"