పాత బట్టలు అని చెప్పిన మూట

ఆమె పంపిన మొదటి వాయిస్ మెసేజ్‌లో మాటల కంటే ముందు వెనక ఉన్న చప్పుడే నాకు తెలిసింది. సీసాలో నీళ్ళు బుడబుడమనే చప్పుడు. ఆక్సిజన్ సిలిండర్‌కైనా, మిషన్‌కైనా తగిలించే చిన్న సీసా అది. గాలి అందులోంచి వచ్చి, కొంచెం తడిసి, పైపు ద్వారా ముక్కులోకి పోతుంది. మా ఇంట్లో ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన వాళ్ళం మేము. ఎండాకాలంలో తాత పోయాక అది ఆగిపోయింది.

"చెల్లె, ఆ మిషన్ ఇంక ఉన్నదా, అమ్మినరా?" అని అడిగింది ఆమె. "మా బాపుకు గావాలె."

ఆమెది ఆదిలాబాద్ దగ్గర పల్లె. వాళ్ళ నాన్న పత్తి మిల్లులో పనిచేసి పనిచేసి ఊపిరి పాడుచేసుకున్న మనిషి. సిలిండర్ నింపించాలంటే ప్రతిసారీ ఆదిలాబాద్ పోవాలి. వాన పడితే మధ్యలో వాగు పొంగి బస్సు ఆగిపోతుంది. మా మిషన్‌కు నింపించే పని లేదు. కరెంటు ఉంటే చాలు, మామూలు గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది. మా తాత రాళ్ళు కొట్టిన మనిషి. ఎక్కడ డ్యాం కడితే అక్కడికి మేస్త్రీ లారీలో పోయి, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము నింపుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఆ మిషన్ ఉన్నందుకే చివరి ఏడాది మా మధ్య కూర్చోగలిగాడు.

మాకు కూడా అది పాతదిగానే వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంట్లో కొన్నాం. నాయిన దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఎందుకు అమ్ముతున్నారని మేము వాళ్ళను అడగలేదు. ఆదిలాబాద్ అక్క కూడా మమ్మల్ని అడగలేదు.

పాత వస్తువులు అమ్మే యాప్‌లో ఫొటో పెట్టింది నేనే. మాట్లాడటమంటే నాకు భయం. కౌంటర్ల దగ్గర, బస్సులో, ఫోన్‌లో గొంతు పెగలదు. రాయడం, చదవడం అయితే ఎంతైనా చేస్తాను. అందుకే పంపే ఏర్పాటు కూడా నా మీదే పడింది. అమ్మ, నాయిన పొద్దున్నే కూలికి పోతారు. నన్ను ఒక్కదాన్నే ఆదిలాబాద్ దాకా పంపే ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. తండ్రిని వదిలి ఇటు వచ్చే వీలు ఆ అక్కకూ లేదు.

రెండు పూటలు కూర్చుని అన్నీ చదివాను. పోస్టులో పంపితే ఇన్సూరెన్స్ చేయించుకోవచ్చు. గట్టి పెట్టెలో కట్టి, లోపల ఏముందో, విలువెంతో చెప్పాలి. కాకపోతే చేరడానికి సమయం పడుతుంది. కొరియర్ వాళ్ళు ఇన్సూరెన్స్‌కు కొన్న బిల్లు అడిగారు. మాది చేతులు మారి వచ్చిన వస్తువు, బిల్లు ఎక్కడుంది? మూడోది వనపర్తిలో ఒక ప్రైవేటు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. సాయంత్రం ఇస్తే తెల్లారేసరికి హైదరాబాద్, అక్కడి నుంచి ఇంకో లారీలో ఆదిలాబాద్. అన్నిటికంటే తొందరగా చేరేది అదే. బిల్లు లేకపోయినా మనం చెప్పిన విలువ రాసుకుని కొంచెం ఎక్కువ తీసుకుంటే వాళ్ళూ ఇన్సూరెన్స్ చేస్తారు.

ట్రాన్స్‌పోర్ట్‌లోనే, ఇన్సూరెన్స్‌తోనే అనుకున్నాను. నెట్ సెంటర్‌లో ఒక కాగితం ప్రింట్ తీయించాను. 'రోగికి ఊపిరి మిషన్. నిలబెట్టే ఉంచాలి. తడవకూడదు.' పెద్ద అక్షరాలు, కింద పైకి చూపించే బాణం గుర్తు.

మా అవ్వ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది.

"ఏమని రాసినవ్?"

చెప్పాను.

"గిది అంటిస్తె ఆదిలాబాద్ దాంక పోతదా? మజ్జెల్నే ఎత్కపోతరు."

"అందుకే ఇన్సూరెన్స్ అవ్వా. పోతే పైసలిస్తరు."

"ఇన్సూరెన్సంటె తాళమేనే పిల్లా. తాళమేస్తెనే కండ్లు వడ్తయి. ఆ ముసలాయన పైసలు పీలుస్తడా?"

అవ్వ చెప్పేది అవ్వ బతుకులోంచి వచ్చిన మాట. తాతతో లారీల మీద, రైళ్ళలో, గుడిసెల్లో తిరిగిన కాలంలో వాళ్ళ కూలీల ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఏది విలువైనదో అది అన్నిటికంటే చెడ్డ మూటలో ఉండాలి. కాళ్ళ కడియాలు చిరిగిన బొంతలో, ఇత్తడి బిందె బొగ్గు సంచిలో. ఒక కుటుంబం ఇనుప పెట్టె కొని తాళం వేస్తే, తాళంతో సహా పెట్టె పోయింది. అవ్వ మూటను మాత్రం ఎన్ని ఊర్లు తిరిగినా ఎవరూ ముట్టుకోలేదు.

అట్లా మిషన్‌ను అవ్వ కట్టింది. తాత కప్పుకున్న బొంతను నాలుగు మడతలు వేసి చుట్టింది. యూరియా సంచిలోకి దింపి, దబ్బనంతో మూతి కుట్టింది. కుట్టాక వాకిట్లోకి ఈడ్చి, ఎర్రమట్టి చల్లి చేత్తో రుద్దింది. చూస్తే ఎవరూ కాలితో కూడా తట్టరు. మూట మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నా కాగితం నా సంచిలోనే ఉండిపోయింది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కౌంటర్ మనిషి మూట ఎత్తబోయి ఆగాడు.

"ఏమున్నయి అవ్వా మూటల?"

"పాత బట్టలు బిడ్డా. బొంతలు."

"పాత బట్టలు గింత బరువుంటయా? ముసలాయన్ని గిట్ల గట్టి పంపుతున్నవా ఏంది?"

"ముసలాయన ముందుగాలనే పోయిండు. గాయన బట్టలే."

వెనక వరసలో నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది. అతను కొంచెం తగ్గి, "ఇలువ ఎంత రాయాలె?" అన్నాడు.

"పాత బొంతకు ఇలువేంది?"

"మరి ఇన్సూరెన్స్ గిట్ల?"

"నాకే లేదు బిడ్డా, నా బొంతకెందుకు?"

ఈసారి అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం చెల్లె, బట్టలేనా?" అన్నాడు. అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. నేను తల ఊపాను. అతను రసీదు మీద ఏదో గీకి, మూటను వెనక్కి తోశాడు. అది అడ్డంగా పడింది. లోపల ఇనుము నేలకు తగిలిన చప్పుడు బొంతలోంచి కూడా నాకు వినిపించింది.

మర్నాడు ఆ అక్కకు రసీదు ఫొటో పంపాను. 'వచ్చేస్తుంది' అని రాశాను. ఆమె వాయిస్‌లో జవాబిచ్చింది. సీసా బుడబుడల మధ్య, "సిలిండర్ సగం మీదున్నది చెల్లె. గంతల అస్తదిగా," అన్నది. వస్తది అనే మాటను వాళ్ళు అస్తది అంటారు.

మూట హైదరాబాద్ గోదాములో ఉందని ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ వెబ్‌సైట్ చూపించింది. ఆ మర్నాడు కూడా అదే చూపించింది. తర్వాత రోజు కూడా అంతే. ఇటు వాన మొదలైంది. ఉత్తరాన ఇంకా గట్టిగా పడుతోందని వార్తల్లో చెప్పారు. ఆ అక్క మెసేజ్‌లు చిన్నవైపోయాయి. "కదిలిందా?" "చూసినవా?" వెనక బుడబుడలు మునుపటంత గట్టిగా లేవు. గాలి తక్కువ పెట్టి సిలిండర్‌ను పొదుపు చేస్తున్నారని నాకు అర్థమైంది. ఒకసారి కరెంటు పోయి తాతకు సిలిండర్ అరువు తెచ్చినప్పుడు మేము కూడా అట్లాగే చేశాం. అప్పుడు తాత పెదవులకు వచ్చిన రంగు నాకు గుర్తుంది.

నా అంతట నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేయడం నాకు చాలా పెద్ద పని. ఏం మాట్లాడాలో ముందు రాసుకుని, దాన్ని చూస్తూ చేశాను.

"పాత బట్టల మూటనా?" అన్నాడు అదే మనిషి. "అవి ఆగుతయమ్మా. ఇలువ రాసిన మాల్ ముందు పోతది. ఇన్సూరెన్స్ ఉంటె లోపల పెడ్తరు, తాడుపత్రి కింద, తడ్వకుంట. బట్టలంటె బండిల జాగ మిగిల్తెనే, మీద ఏస్తరు."

"అవి బట్టలు కాదన్నా."

"మరేంది?"

"ఊపిరి మిషన్. ఒకాయనకు... ఆక్సిజన్ది."

అతను కోపంగా కాదు, భయపడినట్టుగా అన్నాడు. "ఆ ముచ్చట ఆ దినం చెప్పొద్దా తల్లీ? నువ్వు గూడ తలకాయ ఊపితివి. ఆడ గోదాంల అన్నీ యూరియా సంచులే. దేన్నని ఎతకమంటవ్?"

అయినా వెతికించాడు. తానే గోదాముకు ఫోన్ చేసి, మట్టి పూసింది, దబ్బనంతో కుట్టింది అని గుర్తులు చెప్పి చూశాడట. సాయంత్రం నాకు తిరిగి ఫోన్ చేశాడు. అది అప్పటికే లారీ ఎక్కింది.

"మీదనే ఏసినరంట," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి పెట్టేశాడు.

అవ్వ వంటింటి గడప మీద కూర్చుని అంతా వింటోంది. "ఎవ్వరూ ఎత్కపోలేదు గద," అంది. అది ప్రశ్నలాగా అడిగింది. లేదని చెప్పాను. అవ్వ బయట పడుతున్న వానను చూస్తూ ఉండిపోయింది. బొంత ఎన్ని నీళ్ళు పట్టుకుంటుందో అవ్వకు నాకంటే బాగా తెలుసు.

ఆదిలాబాద్ నుంచి ఊరివాళ్ళ ట్రాక్టర్‌లో మూట ఇల్లు చేరిన రోజు ఆ అక్క వీడియో కాల్ చేసింది. మామూలుగా నేను వీడియో కాల్ ఎత్తను. ఆ రోజు ఎత్తాను. ఆమె కుట్లు కోసి, బొంత విప్పుతోంది. విప్పుతుంటే నీళ్ళు కారుతున్నాయి. వెనక మంచం మీద ఒక మనిషి మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు. తాత కూడా అట్లాగే కూర్చునేవాడు.

"తుడిచి ఆరబెట్టాలె అక్కా. ఎంటనే పెట్టకు," అన్నాను.

"ఎంతసేపు ఆగాలె చెల్లె? సిలిండర్ అయిపోవచ్చింది."

ఎంతసేపో నాకు తెలియదు. పొయ్యి పక్కన పెట్టి, ఫ్యాన్ తిప్పి, చీకటి పడే వేళకు మళ్ళీ వీడియో కాల్ చేసి స్విచ్ వేశారు. మిషన్ మోగింది. ఫోన్‌లో ఆ మోత వినగానే అవ్వ లేచి నిలబడింది. ఆ అక్క నవ్వింది. "నడుస్తున్నది చెల్లె! బాపు, సూడు, నడుస్తున్నది!" పైపు ఆయన ముక్కుకు పెట్టింది. అప్పుడే కీచుమని శబ్దం వచ్చింది.

"ఈ పసుపు లైటేంది చెల్లె?"

ఆ లైటు నాకు తెలుసు. మిషన్ నడుస్తున్నా, అది ఇచ్చే గాలిలో ఆక్సిజన్ సరిపడా లేదని అర్థం. లోపల గాలిని వడకట్టే గింజల్లాంటివి ఉంటాయి. అవి నీళ్ళు తాగితే పనికిరావు. ఆమె నా ముఖం చూస్తోంది. ఆయన పైపును రెండు చేతులతో ముక్కుకు నొక్కి పట్టుకున్నాడు. నమ్మకంతో పీలుస్తున్నాడు.

"దాన్ని నమ్ముకోకు అక్కా," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు. "అది ఉత్త గాలి. సిలిండర్‌ల గాలి ఉన్నంతల దవాఖానకు తీస్కపో. ఇప్పుడే పో."

"వాగు మీద నీళ్ళున్నయి."

"నూటెనిమిదికి చెయ్. ట్రాక్టర్ దొరికినా ఎక్కియ్."

ట్రాక్టర్ మీదే తీసుకుపోయారు. వాగు దాటేటప్పుడు ట్రాలీలో నిలబడి సిలిండర్‌ను పట్టుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. ఆదిలాబాద్ చేరేదాకా అందులో గాలి సరిపోయింది.

మర్నాడు పొద్దున వార్డులోంచి ఆమే ఫోన్ చేసింది. మనుషుల మాటలు, ఇనుప మంచాల చప్పుడు వినిపిస్తున్నాయి. ఆయనకు పెద్ద మాస్కు పెట్టారని, రాత్రి కంటే కొంచెం నయమని చెప్పింది. మిషన్ బాగుచేసే మనిషికి ఫొటోలు పంపిందట. లోపలి భాగం మొత్తం మార్చాలన్నాడట.

"ఇన్సూరెన్స్ ఉన్నదిగా చెల్లె? దాంతోని మార్పిస్త. మిషన్ లేంది ఇంటికి పంపరంట."

నేను నోరు తెరిచేలోపు పక్కనే చెవి పెట్టి వింటున్న అవ్వ ఫోన్ లాక్కుంది. అవ్వ ఫోన్‌లో ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడుతుంది. ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"బిడ్డా, నేను పిల్ల వాళ్ళవ్వను. ఇన్సూరెన్స్ లేదు. బట్టలని చెప్పింది నేనే. మిషనంటె ఎత్కపోతరని, గట్ల గట్టిన."

తిడుతుందనుకుని అవ్వ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. నేను స్పీకర్ నొక్కాను.

"మేం గూడ గట్లనే గడ్తం అవ్వా," అంది ఆమె. "మా అమ్మ బంగారం పుస్తె ఎప్పుడూ జొన్నల సంచిల దాస్తుండె. నేనున్నా గట్లనే చెప్దును."

"ఆయన ఎట్లున్నడు? మాట్లాడ్తుండా?"

"ఇప్పుడే పండుకున్నడు. జర నిమ్మళంగ..." అని ఆగింది. ఎవరో నర్సు కాబోలు గట్టిగా ఏదో అడిగింది. "ఉండవ్వా, పిలుస్తున్నరు."

ఫోన్ పెట్టేయడం ఆమె మర్చిపోయింది. దాన్ని ఎక్కడో మంచం మీద పెట్టినట్టుంది. పరుగెత్తే అడుగుల చప్పుడు. చక్రాల మంచం ఈడ్చిన చప్పుడు. ఒక మగ గొంతు జరగండి జరగండి అంటోంది. ఆ తర్వాత ఆమె గొంతు, "బాపు" అని. ముందు మామూలుగా నిద్ర లేపినట్టు. మళ్ళీ "బాపు". మళ్ళీ. ఆయన పలకడం మాకు వినిపించలేదు.

కాల్ కట్ చేయడానికి నేను వేలు చాపాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మేమిద్దరం అట్లాగే నిలబడి, ఆమెకు తెలియకుండా, అంతా విన్నాం.